శ్వేతగిరిపై సాయంసంధ్య: మౌనా కేయా శిఖర చరిత్ర

పర్వతాన్ని భారతీయుడు మూడు విధాలుగా సేవించాడు: దూరం నుండి దర్శించాడు, చుట్టూ ప్రదక్షిణించాడు, అధిరోహించాడు. ఈ మూడింటిలో అధిరోహణకు మన సంప్రదాయం ఇచ్చిన స్థానం మిక్కిలి పరిమితమైనది. శ్రీశైల శిఖరాన్ని దర్శించినంత మాత్రాన పునర్జన్మ ఉండదని పెద్దలు చెప్పారు. అందుకే శిఖరేశ్వరం వద్ద నంది కొమ్ముల నడుమ నుండి చూపు సారించి మల్లికార్జునుని ఆలయశిఖరాన్ని వెదకే యాత్రికునికి ఆ చూపే ఫలం. అరుణాచలంలో కొండయే లింగం. కార్తీకదీపం నాడు జ్యోతిని వెలిగించే కొద్దిమంది శిఖరానికి వెళతారు. లక్షలాది జనం కొండ చుట్టూ నడుస్తారు. ఇక 6,638 మీటర్ల కైలాసాన్ని మానవుడెవ్వడూ ఎక్కినట్లు నమోదు కాలేదు. 1980లలో చైనా ప్రభుత్వం అవకాశమిచ్చినప్పటికీ, ఎనిమిది వేల మీటర్లు మించిన పద్నాలుగు శిఖరాలనూ అధిరోహించిన రైన్‌హోల్డ్ మెస్నర్ కైలాసారోహణకు అంగీకరించలేదు.

ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే పర్వతం మన పురాణాలలో లేదు. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి ద్వీపంలో ఉన్న ఆ గిరి పేరు మౌనా కేయా. నేడు ప్రపంచం నలుమూలల నుండి జనులు సూర్యాస్తమయాన్ని, నక్షత్రఖచితమైన ఆకాశాన్ని చూడడానికి అక్కడికి వెళుతున్నారు. అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు కూడా హవాయి విహారయాత్రలో దీనిని చూసివస్తున్నాయి. వేదాంత జిజ్ఞాసువులకు ఈ పర్వతంతో ఏమి ప్రసక్తి అని అడగవచ్చు. ప్రసక్తి రెండు విధాలు. ఆ ద్వీపవాసులు ఆ కొండను ద్యుపితకు, పృథివీమాతకు జన్మించిన సంతానంగా భావిస్తారు. ద్యావాపృథివులను ఉపాసించిన వైదిక ఋషుల వారసులకు ఆ భావన అపరిచితం కాజాలదు. రెండవది మరింత ఇబ్బందికరమైనది. ఆ శిఖరంపై తలపెట్టిన ఒక మహానిర్మాణంలో భారతదేశం భాగస్వామి. దానికి అడ్డంగా నిలిచి అరెస్టయిన వృద్ధులు తమ దేవతాభూమి కోసం నిలిచారు.

పర్వత స్వరూపాన్ని ముందుగా చూద్దాం. సముద్రమట్టం నుండి దీని ఎత్తు 4,207 మీటర్లు. సాగరగర్భంలోని పాదం నుండి కొలిస్తే పదివేల మీటర్లు దాటుతుంది. అనగా సగానికి మించిన కొండ జలంలో నిమగ్నమై ఉంది. క్షీరసాగరంలో దిగబడిన మందరగిరి స్ఫురణకు రాక మానదు. ఇది అగ్నిపర్వతం. చివరిసారి సుమారు 4,500 ఏళ్ళ క్రితం లావాను వెలిగ్రక్కి నిద్రించింది. ఉష్ణమండలంలో ఉన్నప్పటికీ శీతకాలంలో శిఖరంపై హిమం కురుస్తుంది. హవాయి భాషలో మౌనా అంటే పర్వతం, కేయా అంటే తెలుపు. మౌనా అన్న శబ్దానికి మన మౌనానికి వ్యుత్పత్తి సంబంధమేమీ లేదు. కాని తెలుగు చెవికి ఆ పేరు మరొక విధంగా వినిపించడాన్ని ఎవరు ఆపగలరు? సంప్రదాయజ్ఞులు దీనినే మౌనా ఆ వాకేయా, అంటే వాకేయా దేవుని పర్వతం అంటారు. వాకేయా ఆకాశపిత. భూమాత పేరు పాపా. వారి కుమార్తె పేరుకు ఆకాశంలో తారలను సృజించునది అని అర్థం. ఆమెకు మృతశిశువుగా జన్మించిన తొలి బిడ్డను భూమిలో నిక్షేపించగా ఆ చోట చేమమొక్క మొలిచిందనీ, రెండవ బిడ్డ మానవజాతికి మూలపురుషుడనీ ఐతిహ్యం. కనుక చేమ ఆ జాతికి అన్నం మాత్రమే కాక అగ్రజుడు కూడా. పర్వతమూ అదే వంశవృక్షంలోని జ్యేష్ఠ సంతానం. "ఈ కొండ మా బంధువు" అని హవాయి వృద్ధుడు అన్నప్పుడు అది అలంకారోక్తి కాదని ఇందువల్ల గ్రహించాలి.

ఆ వంశపరంపరను గానం చేసే సృష్టిగీతం కుములిపో. 2,102 పాదాల ఈ మౌఖిక కావ్యం పదహారు యుగఖండాలుగా విభక్తమైంది. మొదటి ఏడూ 'పో', అనగా రాత్రి లేక తమస్సు. తక్కిన తొమ్మిదీ 'ఆవో', అనగా వెలుగు. సృష్టి గాఢాంధకారంలో ఆరంభమై, పగడపు జీవి మొదలుకొని శంఖాలు, చేపలు, పక్షులు, జంతువుల మీదుగా మానవుని వరకు క్రమంగా ఆవిర్భవిస్తుంది. తమస్సును శూన్యంగా గాక సృష్టిగర్భంగా దర్శించిన దృష్టి ఇది. నాసదీయ సూక్తాన్ని మననం చేసినవారికి దీని గాంభీర్యాన్ని వివరించనక్కరలేదు. ఈ గీతాన్ని రాజు కలాకౌవా 1889లో ముద్రింపించాడు. ఆయన సోదరి, హవాయి చివరి రాణి లిలియుఓకలాని, 1893లో సింహాసనచ్యుతురాలై, 1895లో తన ప్రాసాదంలోనే బందీగా ఉన్న కాలంలో దీనిని ఆంగ్లంలోకి అనువదించనారంభించింది. 1897లో ఆ అనువాదం వెలువడింది. రాజ్యం పోయినవేళ ఆమె చేతబట్టినది వంశచరిత్రను.

శిఖరానికి పూర్వం ఎవరు వెళ్ళేవారు? ఆ ద్వీపవాసుల దృష్టిలో మేఘమండలానికి పైనున్న భూమి దేవతలది. హిమదేవత పోలిఆహు, నీహారదేవత లిలినోఏ అక్కడ నివసిస్తారు. పోలిఆహుకు, అగ్నిదేవత పేలేకు జరిగిన స్పర్ధల కథలు ఆ కొండపై మంచు, లావా రెండింటి జాడలనూ వివరిస్తాయి. సామాన్యులు అక్కడ నివాసముండరు, నిష్కారణంగా సంచరించరు. అయితే అది మానవపాదం సోకని చోటు అనడం కూడా సత్యం కాదు. ప్రాచీన హిమయుగంలో మంచుగడ్డల కింద లావా వెలువడి త్వరగా చల్లారడం వల్ల అక్కడ ఒకచోట అతిదృఢమైన నల్లరాయి ఏర్పడింది. లోహమెరుగని ఆ ద్వీపాలలో గొడ్డళ్ళకు ఆ రాయే ఆధారం. శిల్పులు అక్కడికి వెళ్ళి, చిన్నచిన్న పూజాస్థానాలు నెలకొల్పుకొని, రాయి చెక్కుకొని దిగివచ్చేవారు. సుమారు 3,970 మీటర్ల ఎత్తున ఉన్న వైయౌ అనే చిన్న సరస్సులో నవజాత శిశువుల నాభినాళాన్ని సమర్పించే ఆచారం కొన్ని వంశాలలో ఉంది. పితరుల అస్థులను ఆ కొండపై నిక్షేపించిన వంశాలూ ఉన్నాయి. వెళ్ళడానికి కర్తవ్యం ఉండాలి, వెళ్ళినవాడు తిరిగి రావాలి. ఇది వారి నియమంగా కనిపిస్తుంది. మన తీర్థయాత్రా విధికి ఇది ఎంత సన్నిహితమో చూడండి.

1823 ఆగస్టు 26న అమెరికా మతప్రచారకుడు జోసెఫ్ గుడ్రిచ్ శిఖరానికి చేరాడు. పాశ్చాత్యుల లెక్కలో నమోదైన ప్రథమారోహణం అదే. అయితే శిఖరాన పేర్చి ఉన్న రాళ్ళ గుట్టను చూసి, తనకు పూర్వమే ఎవరో వచ్చారని ఆయనే గ్రహించాడు. ప్రథముడనే బిరుదు ఆ రాళ్ళ ముందు నిలవలేదు. 1880ల తొలినాళ్ళలో రాణి ఎమ్మా వైయౌ సరస్సుకు యాత్ర చేసింది. భర్తను, పుత్రుని కోల్పోయిన ఆమె చేసిన ఆ యాత్రను స్మరించే గీతాలు నేటికీ ఆ ద్వీపంలో పాడుతారు.

ఇక ఆకాశాన్ని గూర్చి. ఈ విషయంలో కొంత విస్తరించి వ్రాయవలసి ఉంది. మౌనా కేయా అక్షాంశం ఉత్తరంగా 19.8 డిగ్రీలు. మన ఆదిలాబాద్ అక్షాంశం 19.7. ధ్రువనక్షత్రం ఒక ప్రదేశపు అక్షాంశం ఎంతో క్షితిజం నుండి దాదాపు అంత ఎత్తున కనిపిస్తుంది. కనుక ఆదిలాబాద్ పొలంగట్టుపై నిలిచిన రైతుకు, పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఆ శిఖరాన నిలిచిన యాత్రికునికి ధ్రువుడు ఒకే ఎత్తున గోచరిస్తాడు. వసిష్ఠుని పక్కన అరుంధతి అదే తీరున ఉంటుంది. దక్షిణాన అగస్త్యుడు అదే ఎత్తున ఉదయించి అస్తమిస్తాడు. మనకూ వారికీ ఆకాశం ఒక్కటే. మనం దానిని దీపకాంతితో, ధూళితో కప్పుకొన్నాము, వారి శిఖరాన అది అనావృతంగా ఉంది. అంతే భేదం.

ఈ ఏకత్వం ఇంకా లోతైనది. మనం స్వాతి అనే తారను వారు హోకూలేఅ అంటారు. హర్షతార అని అర్థం. నేటి ఆకాశంలో స్వాతి క్రాంతి ఉత్తరంగా సుమారు 19 డిగ్రీలు. అనగా హవాయి ద్వీపానికి, మన ఇచ్ఛాపురానికి అది నడినెత్తిన ప్రయాణిస్తుంది. ఒక తార సరిగ్గా శిరస్సుపై నుండి దాటితే ఆ తార క్రాంతియే మన అక్షాంశం. గడియారం, దిక్సూచి లేని నావికుడు ఈ ఒక్క సత్యంతో సముద్రాన్ని దాటగలడు. లుబ్ధకుడు శిరస్సుపైకి వచ్చేదాకా దక్షిణంగా సాగితే తాహితి అక్షాంశం. స్వాతి శిరస్సుపైకి వచ్చేదాకా ఉత్తరంగా సాగితే హవాయి. ఆ తార పేరనే నిర్మించిన హోకూలేఅ అనే జంటపడవ 1976లో, మావు పియాయిలుగ్ అనే నావికుని మార్గదర్శకత్వంలో, యంత్రపరికరమేదీ లేకుండా హవాయి నుండి తాహితి చేరింది. ద్వీపవాసుల పూర్వులు దారితప్పి గాలికి కొట్టుకువచ్చారని చెప్పిన పండితులకు ఆ యాత్ర సమాధానమైంది. జ్యోతిష విద్యార్థులు ఇక్కడ అయనచలనాన్ని మరువరాదు. వెయ్యేళ్ళ క్రితం స్వాతి మరొక ఐదు డిగ్రీలు ఉత్తరంగా సంచరించేది. కనుక నేటి నావికుల లెక్కను యథాతథంగా ప్రాచీనులకు అన్వయించడం పొరపాటు. విద్య ప్రాచీనమైనదే, అంకెలు మాత్రం కాలంతో జరుగుతాయి.

కృత్తికల సంగతి మరీ మనోహరం. హవాయిలో వాటి పేరు మకలిఇ. సూర్యాస్తమయవేళ తూర్పున కృత్తికలు ఉదయించే నవంబరు మధ్యకాలంలో మకహికి అనే పర్వకాలం ఆరంభమవుతుంది. యుద్ధం నిషిద్ధం, శ్రమకు విశ్రాంతి, లోనో దేవునికి ఆరాధన. మన కార్తీకపూర్ణిమ నాడు జరిగేదేమిటి? కృత్తికలతో కూడిన పూర్ణచంద్రుడు సాయంసమయాన తూర్పున ఉదయిస్తాడు. అరుణగిరిపై దీపం వెలిగే క్షణానికి, మహాసాగరంలో లోనో ఉత్సవారంభానికి ఆకాశంలో సంకేతం ఒకటే. ఒకరి నుండి ఒకరు నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పనక్కరలేదు కూడా. ఒకే ఆకాశాన్ని శ్రద్ధతో చూసిన రెండు జాతులు ఒకే తారాగుచ్ఛాన్ని పుణ్యకాలానికి ద్వారంగా గుర్తించాయి.

ఇంత ఆకాశవిద్య గల కొండకు యంత్రనేత్రాలు ఎలా వచ్చాయన్నది తరువాతి కథ. అది ఒక ప్రళయంతో మొదలైంది. 1960 మే నెలలో చిలీ దేశంలో సంభవించిన భూకంపం వల్ల పుట్టిన సునామీ పసిఫిక్‌ను దాటి హిలో పట్టణంపై విరుచుకుపడింది. అక్కడ 61 మంది మరణించారు, వర్తకం కుప్పకూలింది. పట్టణాన్ని తిరిగి నిలబెట్టే ఉపాయాలు వెదకుతూ, స్థానిక వర్తకసంఘానికి చెందిన మిత్సువో అకియామా అమెరికా, జపాన్ విశ్వవిద్యాలయాలకు లేఖలు వ్రాశాడు: మా కొండపై వేధశాల నిర్మించండి అని. ఆ పిలుపును అందుకున్నవాడు ఖగోళశాస్త్రవేత్త జెరార్డ్ కైపర్. 1964లో శిఖరానికి కచ్చాబాట పడింది. పోలిఆహు పేరుగల గుట్టపైనే చిన్న దూరదర్శినిని నిలిపి కైపర్ పరీక్షించాడు, భూమిపై ఇంతకంటె శ్రేష్ఠమైన స్థలం దొరకడం దుర్లభమని నిర్ధారించాడు. కాని అమెరికా అంతరిక్షసంస్థ నిధులు ఆయనకు గాక హవాయి విశ్వవిద్యాలయానికి లభించాయి. తన పర్వతాన్ని అపహరించారని ఆయన వాపోయినట్లు చెబుతారు. కొద్దినెలలు తారలను చూసినవాడికే ఆ కొండపై "నాది" అన్న మమకారం పుట్టింది. మమకారం ఎంత శీఘ్రంగా వేళ్ళూనుతుందో!

శ్రేష్ఠతకు కారణం స్పష్టం. అక్కడి వాతావరణంలో సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున ఒక ఉష్ణవాయు పొర మూతవలె నిలిచి, తేమను, మేఘాలను, ధూళిని కిందనే అణచి ఉంచుతుంది. శిఖరం ఆ మూతకు ఎంతో పైన, శుష్కమైన ప్రశాంత వాయువులో ఉంటుంది. సముద్రంపై సాఫీగా ప్రవహించి వచ్చే గాలి కొండను తాకినప్పుడు అట్టే కల్లోలం చెందదు. తారలు మిణుకుమనడానికి కారణమైన చాంచల్యం అక్కడ అతిస్వల్పం.

1968లో రాష్ట్రప్రభుత్వం ఆ భూమిని విశ్వవిద్యాలయానికి 65 ఏళ్ళ గుత్తకిచ్చింది. 1970లో 2.2 మీటర్ల దూరదర్శిని సిద్ధమైంది. 1979లో మూడు, 1993లోను 1996లోను పది మీటర్ల కెక్ జంటదర్శినులు, 1999లో జపాన్ వారి 8.2 మీటర్ల సుబారు వచ్చాయి. (సుబారు అంటే జపాన్ భాషలో కృత్తికలే.) క్రమంగా వాటి సంఖ్య పదమూడుకు చేరింది.

దూరదర్శినుల కోసం వేసిన బాట మీదుగానే సూర్యాస్తమయ దర్శనార్థులు వచ్చారు. 2,800 మీటర్ల వద్ద సందర్శకుల కేంద్రం ఉంది. 1986లో చాలెంజర్ ప్రమాదంలో అసువులు బాసిన హవాయి వ్యోమగామి ఎల్లిసన్ ఒనిజుకా పేరు దానికి పెట్టారు. అక్కడ కనీసం అరగంట ఆగి శరీరాన్ని అలవాటు చేసుకొని గాని పైకి వెళ్ళరాదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనం లేనిదే ఆ బాటలో పయనం తగదు. శిఖరాన ప్రాణవాయువు సముద్రతీరంలో కంటె 40 శాతం తక్కువగా లభిస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, హృద్రోగులు, శ్వాసరోగులు వెళ్ళరాదని హెచ్చరిస్తారు.

ఆ ఎత్తున సూర్యాస్తమయం సముద్రతీరంలో కంటె ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. క్షితిజరేఖ అంత కిందికి దిగి ఉంటుంది కనుక. పాదాల దిగువన మేఘసముద్రం. భాస్కరుడు అందులోనికే దిగుతాడు. చాలామంది పడమటికి మొగంపెట్టి నిలబడతారు గాని, తూర్పుకు తిరిగినవాడికి దొరికే దర్శనం మరింత అపురూపం. పర్వతఛాయ మేఘాలపై త్రికోణాకృతిలో వ్యాపిస్తూ పోతుంది. కొండ ఆకారమెట్లున్నా దూరానికి పోయిన నీడ త్రికోణంగానే కనిపిస్తుంది. సమాంతరంగా ఉన్న రైలుపట్టాలు దూరాన కలిసినట్లు తోచడం వంటిదే ఇది. కొంతసేపటికి ఆ నీడ వెనుక నుండి మరొక మహాఛాయ పైకి లేస్తుంది. ధూమ్రనీలవర్ణంలో, పైఅంచున పాటలకాంతితో క్షితిజమంతా ఆవరించే ఆ ఛాయ భూగోళానిది. గ్రహణగణితంలో మన జ్యోతిష్కులు భూచ్ఛాయ అని వ్యవహరించినది అదే. చంద్రగ్రహణానికై నిరీక్షించనక్కరలేకుండా ప్రతి సాయంకాలమూ అది కంటికి కనిపిస్తుంది. రాత్రి అంటే మనం భూమి నీడలో ప్రవేశించడమే అన్న సత్యం అక్కడ ప్రత్యక్షం.

సాయంసంధ్యకు మన ధర్మశాస్త్రాలు మూడు తరగతులు చెప్పాయి: సూర్యుడు ఉండగా ఉపాసించడం ఉత్తమం, అస్తమించినా తారలు పొడగట్టక మునుపు మధ్యమం, తారలు కనిపించిన పిమ్మట అధమం. ఆ శిఖరంపై సందర్శకులకు లభించే కాలం సరిగ్గా ఈ సంధివేళయే. సూర్యాస్తమయమైన అరగంటకు అందరూ దిగిపోవాలి. ఎందుకంటే వాహనాల దీపకాంతి దూరదర్శినుల దృష్టిని చెరుపుతుంది. నక్షత్రదర్శనం చేయదలచినవారు 2,800 మీటర్ల కేంద్రానికి దిగివచ్చి అక్కడి చీకటిలో చూస్తారు. ఇందులో నష్టమేమీ లేదు. ప్రాణవాయువు తక్కువైనప్పుడు నేత్రానికి మందకాంతిని గ్రహించే శక్తి క్షీణిస్తుంది. శిఖరాన కంటె దిగువనే మన కంటికి ఎక్కువ తారలు కనిపిస్తాయి. ఎత్తుకు పోయిన కొద్దీ ఎక్కువ చూస్తామన్న భావన శరీరానికి వర్తించదన్నమాట.

మరొక నియమం ఉంది. దూరదర్శినులున్న గట్టుకు ఎదురుగా ఉన్న గుట్టయే నిజమైన శిఖరం. దానిపై ఒక చిన్న పూజావేదిక ఉంది. దానిని ఎక్కవద్దని సందర్శకులను కోరుతారు. కొందరు వింటారు, కొందరు ఫోటో కోసం ఎక్కుతారు. 1955 మే 25న కాంచనగంగను తొలిసారి చేరిన జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ సిక్కిం ప్రభువుకిచ్చిన మాటకు కట్టుబడి శిఖరాగ్రానికి కొన్ని అడుగుల దూరంలో ఆగిపోయారు. ప్రాణాలొడ్డి అంతదూరం వెళ్ళినవారు ఆగగలిగినప్పుడు, కారులో వచ్చినవారు ఆగలేకపోవడం శోచనీయం.

ఇప్పుడు కలహకారణానికి వద్దాం. 1893లో హవాయి రాజ్యాన్ని కూలద్రోశారు, 1898లో అమెరికా దానిని తనలో కలుపుకొన్నది. రాజ్యానికి చెందిన భూములు చేతులు మారి చివరకు రాష్ట్రం అధీనంలోకి వచ్చాయి. శిఖరభూమి అటువంటిదే. దూరదర్శినుల యాజమాన్యాలు చాలాకాలం ఏడాదికి ఒక డాలరు అద్దెతో అక్కడ ఉన్నాయి. 1998లో రాష్ట్ర ఆడిటర్ నివేదిక పర్వతసంరక్షణ సరిగా లేదని తీవ్రంగా విమర్శించింది. ఆ కాలానికి చెందిన ఒక వృత్తాంతం విచారింపదగినది. కెయలోహా పిసియోటా అనే హవాయి వనిత అక్కడి ఒక దూరదర్శినిలోనే సాంకేతిక నిపుణురాలిగా సంవత్సరాల తరబడి పనిచేసింది. శిఖరప్రాంతంలో ఆమె ప్రతిష్ఠించుకున్న కుటుంబ పూజాశిలను ఎవరో పెకలించి పారవేశారు. పగలు ఆరాధించి, రాత్రి తారలను చూసి, రెండింటికీ విరోధం కనుగొనని వ్యక్తి ఆమె. అటుపిమ్మట ఆమె కొత్త నిర్మాణాలను ప్రతిఘటించినవారిలో అగ్రగణ్యురాలైంది.

2009లో ముప్పై మీటర్ల మహాదర్శినికి మౌనా కేయాను ఎంపిక చేశారు. 492 దర్పణఖండాలను కూర్చి ఒకే నేత్రంగా చేసే యంత్రమది. దానిని ఆవరించే భవనం పద్దెనిమిది అంతస్తుల ఎత్తు. అమెరికా విద్యాసంస్థలతో పాటు కెనడా, జపాన్, చైనా భాగస్వాములు. 2014లో భారత మంత్రివర్గం సుమారు పదోవంతు భాగస్వామ్యానికి ఆమోదం తెలిపింది. బెంగళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ ఆధ్వర్యంలో దర్పణఖండాలకు మెరుగుపెట్టే పని, వాటిని సవరించే సూక్ష్మయంత్రాల తయారీ మన వంతు. ఆ సంస్థను తీర్చిదిద్దిన వేణు బాప్పు హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో పెరిగినవాడు. తండ్రి అక్కడ ఉద్యోగి. కనుక మన నేలపై వికసించిన ఖగోళవిద్యయే ఆ సుదూరగిరి వైపు చేయి చాచింది.

2014 అక్టోబరు 7న శంకుస్థాపన ఉత్సవాన్ని నిరసనకారులు నిలిపివేశారు. 2015 ఏప్రిల్‌లో 31 మంది అరెస్టయ్యారు. ఆ ఏడాది డిసెంబరులో, ఆక్షేపణలను విచారించక మునుపే అనుమతి ఇవ్వడం చెల్లదని రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. తిరిగి విచారణ జరిగింది, 2018 అక్టోబరులో అనుమతి ధ్రువపడింది. 2019 జులై 15న నిర్మాణం మొదలుకావలసి ఉండగా వేలాది జనం బాట మొదట్లో నిలిచారు. 17వ తేదీన ముప్పైమందికి పైగా వృద్ధులను బాటపై నుండి తొలగించి అరెస్టు చేశారు. చేసినవారిలోనూ చేయించుకున్నవారిలోనూ ఒకే కుటుంబాలవారు ఉన్నారు. రోజుకు మూడు పర్యాయాలు స్తోత్రగాన నృత్యాలతో ఆరాధన సాగింది. హింసకు, దుర్భాషకు, మద్యానికి తావులేని నియమాన్ని వారు 'కపు అలోహా' అన్నారు. సుమారు నాలుగు వారాలు శిఖరంపైని దూరదర్శినులన్నీ మూతపడ్డాయి. నిర్మాణం ఆగిపోయింది. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా శిబిరం ఎత్తివేశారు.

హవాయి జాతీయులందరూ దూరదర్శినికి వ్యతిరేకులు కారు. అనుకూలురూ ఉన్నారు, పూర్వుల నక్షత్రవిద్యకు ఇది కొనసాగింపే అని వారి వాదం. 2019 ఏప్రిల్‌లో ప్రకటితమైన తొలి కృష్ణబిలం చిత్రానికి ఆ కొండపైని రెండు దర్శినులు తోడ్పడ్డాయి. హవాయి భాషాచార్యుడు లారీ కిమురా దానికి కుములిపో పదజాలం నుండి 'పోవెహి' అనే నామాన్ని ప్రసాదించాడు: అనంతసృష్టికి మూలమైన అలంకృత తమస్సు అని భావం. అంతకంటె యోగ్యమైన పేరు నాకు స్ఫురించదు.

మనవారిలో ఒక సమాధానం సులభంగా వినిపిస్తుంది: జ్ఞానమే పరమపవిత్రం, దూరదర్శిని జ్ఞానమందిరం, కనుక గుడి ఉన్నచోట మరొక గుడి కట్టడంలో దోషమేమిటి? వినసొంపుగా ఉన్నా, పరుని ఇంట మనం చెప్పదగిన వాక్యం కాదిది. కైలాసపాదాన ఎవరో పద్దెనిమిది అంతస్తుల భవనం తలపెట్టి, ఇది కూడా శివారాధనయే అని మనకు బోధిస్తే అంగీకరించగలమా? పవిత్రతను నిర్ణయించే అధికారం ఉపాసకునిదే గాని అతిథిది కాదని నా దృఢాభిప్రాయం. న్యాయస్థానపు అనుమతి వేరు, గృహస్థుని ఆహ్వానం వేరు. 2020 ఆరంభంలో మన ప్రభుత్వ ప్రతినిధులు ప్రత్యామ్నాయ స్థలం మేలని సూచించినప్పుడు కారణం కాలయాపన, వ్యయం కావచ్చు; ధర్మదృష్టితో చూసినా అది తగిన మాటే.

మన దేశంలోనూ ఇటువంటి కొండ ఉంది. లద్దాఖ్‌లోని హాన్లే వద్ద 4,500 మీటర్ల ఎత్తున 2000వ సంవత్సరం నుండి మన రెండు మీటర్ల దూరదర్శిని పనిచేస్తున్నది. ఆ గుట్ట స్థానికనామం దిగ్ప రత్సా రి. దానికి మనం సరస్వతీ పర్వతమని పేరు పెట్టుకున్నాము. పేరు రమణీయమే, అయినా ఆ కొండకు అంతకుముందే ఒక పేరు ఉందని గుర్తుంచుకోవాలి. 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశ సంరక్షణమండలంగా ప్రకటించారు. గ్రామస్థులకే శిక్షణనిచ్చి, దూరదర్శినులు సమకూర్చి, యాత్రికులకు తారలను చూపే పని వారికే అప్పగించారు. రాత్రివేళ దీపాలకు తెరలు వేసుకునే ఆ పల్లెలు ఇప్పుడు ఆకాశానికి కావలివారు.

మౌనా కేయా విషయంలో 2022లో రాష్ట్రశాసనసభ కొత్త చట్టం చేసింది. పర్వతపాలనను విశ్వవిద్యాలయం నుండి తప్పించి పదకొండు మంది సభ్యుల ప్రాధికారసంస్థకు అప్పగించింది. అందులో ఆ పర్వతంతో అనుబంధమున్న హవాయి సంప్రదాయాచరణపరునికి, అటువంటి వంశక్రమంలో జన్మించినవానికి స్థానాలు కేటాయించారు. అదే చట్టం ఖగోళపరిశోధనను కూడా రాష్ట్రవిధానంగా పేర్కొన్నది. 2024లో రెండు పాత దూరదర్శినులను పునాదులతో సహా తొలగించి నేలను యథాస్థితికి తెచ్చారు. మహాదర్శిని నిర్మాణం నేటికీ మొదలు కాలేదు. 2028 జులైలో ప్రాధికారసంస్థకు పూర్తి బాధ్యత సంక్రమిస్తుంది. 1968 నాటి గుత్త 2033 డిసెంబరులో ముగుస్తుంది. అప్పటికి శిఖరంపై ఏ నేత్రాలు మిగలాలో నిర్ణయించేది ఆ పదకొండు మందే.